శబ్దం వినిపిస్తుంది, మాట అర్థం కాదు.. చెవి మిషన్ కొనాలా?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో 20 ఏళ్లకు పైగా పని చేస్తున్నారు. ఏడాదిగా టీవీ సౌండ్ బాగా పెంచుతున్నారు. ‘చప్పుడు ఇనబడ్తుంది బిడ్డా, మాటే సమజైతలేదు’ అంటారు. తెలిసినవాళ్లు నేరుగా చెవి మిషన్ కొనమంటున్నారు. పరీక్షలు అవసరమా? నొప్పి ఉంటుందా?
- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మిషన్ ఇప్పుడే కొనకండమ్మా. గులిమి గట్టిపడి అడ్డుపడినా, కర్ణభేరికి చిల్లు పడినా, లోపలి నరం దెబ్బతిన్నా బయటికి కనిపించేది చెవుడే. వైద్యం మాత్రం మూడింటికీ వేరు. వేలకు వేలు పోసి మిషన్ కొన్నాక నా దగ్గరికి వచ్చినవాళ్లలో, గులిమి తీయగానే బాగా వినిపించినవాళ్లూ ఉన్నారు.

అందుకే ఈఎన్‌టీ డాక్టర్ ముందు లైటుతో చెవి లోపల చూస్తారు. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ అనే రెండు కొమ్ముల లోహపు కడ్డీని మోగించి చెవి దగ్గర, చెవి వెనక ఎముక మీద, నుదుటి మీద పెట్టి ఎక్కడ బాగా వినిపిస్తుందో అడుగుతారు.

అసలు పరీక్ష ఆడియోమెట్రీ. నొప్పి ఏమాత్రం ఉండదు. చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లలో బొంగురు చప్పుడు నుంచి కీచు చప్పుడు దాకా (250 నుంచి 8000 హెర్ట్జ్) రకరకాల శబ్దాలు వినిపిస్తారు. ఎంత సన్నగా వినిపించినా బటన్ నొక్కాలి. చెవి వెనక ఎముక ద్వారా కూడా వినిపించి చూస్తారు. హెడ్‌ఫోన్లలో, అంటే గాలి ద్వారా తగ్గి, ఎముక ద్వారా బాగుంటే లోపం బయటి చెవిలోనో, మధ్య చెవిలోనో ఉన్నట్టు. దాన్ని చాలాసార్లు మందులతోనో, ఆపరేషన్‌తోనో సరిచేయొచ్చు. రెండూ సమానంగా తగ్గితే లోపలి చెవి లేదా నరం సమస్య. ఏళ్ల తరబడి మిల్లు చప్పుడులో ఉన్నవాళ్లకు ఈ పరీక్ష ఫలితం చూపే గ్రాఫ్ 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా దిగుతుంది. ‘స’, ‘శ’ లాంటి అక్షరాల శబ్దం ఆ కీచు స్థాయిలోనే ఉంటుంది. మీ నాన్నగారికి మాట తెలియకపోవడానికి కారణం అదే కావచ్చు. ఇలా పోయిన వినికిడి తిరిగి రాదు గానీ, ఆ గ్రాఫ్ ప్రకారం సెట్ చేసిన మిషన్ బాగా ఉపయోగపడుతుంది. మాటలు పలికించే స్పీచ్ పరీక్ష కూడా అడగండి, తెలుగు మాటలతోనే చేయమనండి.

కర్ణభేరి కదలిక చూసే టింపనోమెట్రీ నిమిషంలో అయిపోతుంది. చెవి నుంచి మెదడుకు శబ్దం సరిగా చేరుతోందా అని చూసే బెరా పరీక్ష ఎక్కువగా పసిపిల్లలకు, లేదా ఒక చెవి మరీ తగ్గినవాళ్లకు. అందరికీ అవసరం లేదు.

ఒక్క జాగ్రత్త. పరీక్షకు ముందు కనీసం 16 గంటలు మిల్లుకు వెళ్లనివ్వకండి. చప్పుడు వల్ల చెవి తాత్కాలికంగా మొద్దుబారి, ఉన్నదానికన్నా ఎక్కువ చెవుడు చూపిస్తుంది. చెవిలో నూనె కూడా పోయకండి. నల్గొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది, అక్కడ చూపించండి. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. టీబీ ఇంజెక్షన్లు ఎప్పుడైనా తీసుకొని ఉంటే తప్పకుండా చెప్పండి, వాటిలో కొన్ని వినికిడిని దెబ్బతీస్తాయి.

ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకుండా పోతే మాత్రం ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. మళ్లీ మిల్లుకు వెళ్లేటప్పుడు చెవుల్లో దూది సరిపోదు, చెవులు పూర్తిగా మూసే ఇయర్‌మఫ్‌లు పెట్టించండి.