పసుపు చిగురులో మొదలైందా, అడుగాకులోనా?

ప్రశ్న: అరెకరం టమాటా వేసి నెలన్నర అయింది. చిగురాకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. షాపులో వైరస్ అని చెప్పి ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టాం, యూరియా కూడా వేశాం. గుణం లేదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, డ్రిప్పు రంధ్రాల దగ్గర తెల్లగా పెచ్చు కడుతోంది.
– ఒక రైతు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా

జవాబు: ఆ తెల్ల పెచ్చే అసలు సంగతి చెబుతోంది. అది సున్నం. అలాంటి నీళ్లు పారిన నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. ముదురాకులోని ఇనుము చిగురుకు కదిలి రాదు కాబట్టి లోపం కొత్త ఆకులోనే బయటపడుతుంది. వైరస్ అయితే ఆకులు చిన్నవై పైకి ముడుచుకుంటాయి, మొక్క గిడసబారుతుంది, ఆకు అడుగున ఆ వైరస్‌ను మోసే తెల్లదోమ కనిపిస్తుంది. మీ ఆకు ముడవకపోతే పురుగు మందు డబ్బు దండగే.

వేరుకు అందని ఇనుమును ఆకుల మీద పిచికారీగా ఇవ్వాలి. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్న ఉప్పు) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము. అంటే 15 లీటర్ల ట్యాంకుకు 75, 15 గ్రాములు. మీ బోరు నీళ్లతో మాత్రం కలపొద్దు. అరెకరానికి 100 లీటర్లు చాలు, అంటే 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు ఐదు. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది వేయండి. ద్రావణం లేత ఆకుపచ్చగా ఉండాలి. తుప్పు రంగుకు తిరిగితే ఇనుము విరిగినట్టే, పారబోయండి. నిల్వ ఉంచినా అదే గతి, ఏ పూటది ఆ పూటే కలపాలి. వేరే మందులేవీ ఇందులో కలపకండి.

ఎండ తగ్గాక, చిగుర్లు బాగా తడిసేలా కొట్టండి. మధ్యాహ్నం కొడితే ఆకు అంచులు మాడతాయి. ముందు నాలుగు మొక్కల మీద కొట్టి చూస్తే ఇంకా మంచిది: వారంలో ఆకు పచ్చబడితే లోపం ఇనుముదే. వారం ఎడంతో రెండు మూడుసార్లు చాలు. తెల్లగా పాలిపోయి ఎండిన ఆకు మాత్రం తిరిగి కోలుకోదు.

అన్నభేదిని నేలలో చల్లితే ఆ సున్నమే దాన్నీ పట్టేస్తుంది. యూరియా ఇప్పటికి ఆపండి, చిగుర్లు ఎక్కువైతే ఉన్న ఇనుము అసలే చాలదు. తడి ఆరనివ్వకుండా రోజూ డ్రిప్పు వదిలినా పసుపు ముదురుతుంది. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్లు వదలండి.

ప్రశ్న: మా టమాటాకు అడుగాకులే పసుపు. ఇనుము కొట్టమంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వద్దు. ఆకు ఈనెలతో సహా పాలిపోతే నత్రజని తక్కువ. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే మెగ్నీషియం, లీటరుకు 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ పిచికారీ చేయండి. పసుపు మధ్య గోధుమ రంగు మచ్చలుండి, వాటిలో వలయాలు కనిపిస్తే అది ఆకుమాడు తెగులు. ఆ ఆకులు గిల్లి తగలబెట్టి, లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ కొట్టండి. కొట్టాక వారం దాకా కాయ కోయొద్దు.