రాణి గౌన్లు నచ్చితే చాలదు, ముందు కత్తెర పట్టించండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. విక్టోరియా రాణి గద్దెనెక్కిన తొలి రోజులు, పెళ్లి మీద తీసిన ‘ద యంగ్ విక్టోరియా’ సినిమా చూసిన దగ్గర్నుంచి ఇంజినీరింగ్ వద్దు, అలాంటి సినిమాలకు కాస్ట్యూమ్స్ చేస్తానంటోంది. లండన్‌లోనే చదువుతానని పట్టు. బొమ్మలు బాగా వేస్తుంది, కుట్టు మాత్రం రాదు. ఇది నిలబడే కోరికేనా? ఏ దారిలో పంపాలి? – ఒక తల్లి, నరసాపురం

జవాబు: నిలబడుతుందో లేదో ఎనిమిది వారాల్లో మీ ఊళ్లోనే తేలుతుంది, వెయ్యి రూపాయల లోపు ఖర్చుతో. ఆ సంగతి చెప్పేముందు, మీ అమ్మాయికి అంత నచ్చిన ఆ బట్టల వెనక ఏం పని ఉంటుందో చూద్దాం.

2009లో వచ్చిన ఆ సినిమాకు శాండీ పావెల్ అనే డిజైనర్‌కు ఆస్కార్ వచ్చింది. ఆవిడకు అది మూడోది. కథ నడిచేది 1837 నుంచి 1840 దాకా ఉన్న కొద్ది సంవత్సరాల చుట్టూ. కాలం అంత ఇరుకైతే డిజైనర్‌కు పని సులువని చాలామంది అనుకుంటారు. నిజానికి చేతులు కట్టేసినట్టు ఉంటుంది. ఎందుకంటే కృత్రిమ రంగు పుట్టింది 1856లో, విలియం పెర్కిన్ మావ్ అనే ఊదా రంగు కనిపెట్టాక. గౌను కింద గంటలా నిలబడే స్టీలు చట్రం కూడా 1856 ప్రాంతంలోనే వచ్చింది. కుట్టుమిషన్లు ఇళ్లలోకి, దర్జీ షాపుల్లోకి వచ్చింది 1850ల తర్వాతే. కాబట్టి 1838 నాటి గౌను అన్నప్పుడు చెట్ల, పురుగుల, ఖనిజాల రంగులే వాడాలి, కుట్టంతా చేతికుట్టులా కనిపించాలి, పాదాల దాకా ఉన్న ఆ గుండ్రటి విస్తీర్ణమంతా లోపల పొరలు పొరలుగా వేసిన లంగాల మీద నిలబడాలి. వీపున జిప్ వేసి, పైన పాలియెస్టర్ శాటిన్ వేస్తే లైటు పడగానే ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. కుర్రకారు చేసే మొదటి పొరపాటు సరిగ్గా ఇదే.

రెండో పొరపాటు పాత చిత్రాలను గుడ్డిగా నమ్మడం. 1837 జూన్ 20 తెల్లవారుజామున విక్టోరియాను లేపి రాజు చనిపోయాడన్న కబురు చెప్పారు. ఆ రోజే ప్రివీ కౌన్సిల్ (రాజుకు సలహాలిచ్చే మండలి) ముందుకు వెళ్లింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, మైల పాటిస్తూ నల్లబట్టల్లో ఉంది. తర్వాత ఆ దృశ్యాన్ని చిత్రించిన డేవిడ్ విల్కీ మాత్రం ఆవిడకు తెల్లగౌను వేశాడు, నల్లకోట్ల మగవాళ్ల మధ్య కొట్టొచ్చినట్టు కనబడాలని. ఆ పెయింటింగ్ ఒక్కటే రిఫరెన్సుగా పెట్టుకున్న డిజైనర్ దొరికిపోతాడు. దినచర్యలు, ఉత్తరాలు, మిగిలిన అసలు దుస్తులు, పెయింటింగులు అన్నీ పక్కపక్కన పెట్టి చూడటం ఈ పనిలో సగం.

1840 ఫిబ్రవరి 10న జరిగిన పెళ్లిలో తల మీద కిరీటం బదులు నారింజ పూల దండ. గౌను లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో నేసిన పట్టుది, లేసు ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో చేతితో అల్లిన హోనిటన్ లేసు. యంత్రపు లేసు దెబ్బకు ఆ చేతివృత్తి కుంగిపోతున్న రోజులవి. అంటే ఆ గౌను అందంతో పాటు ఒక రాజకీయ మాట కూడా చెప్పింది. ఇలా ‘ఎందుకు ఇదే?’ అని అడిగే బుర్ర మీ అమ్మాయికి ఉందా అన్నది నాకు ఆమె గీసే బొమ్మల కంటే ముఖ్యం.

మీది నరసాపురం కాబట్టి ఇంకో మాట. మీ ఊరి లేసు ఒకే సూదికొక్కెంతో నూలుదారం అల్లేది. హోనిటన్ లేసులో దిండు మీద గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న కదుర్లతో సన్నటి దారాన్ని మెలివేస్తూ పువ్వు, ఆకు విడివిడిగా చేసి తర్వాత కలుపుతారు. రెండూ దూరం నుంచి లేసే, క్లోజప్‌లో మాత్రం మన లేసు దారం లావుగా, ముడులుగా తేలిపోతుంది. కాబట్టి విక్టోరియా మెడకు అది పనికిరాదు. అదే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి జిల్లాల ఇల్లాలి కథ తీస్తే, టేబుల్ గుడ్డకూ రవికె అంచుకూ అంతకంటే సరైనది దొరకదు. లేసు అల్లే ఇళ్లు మీ చుట్టుపక్కలే ఉంటాయి. రెండు వారాలు అక్కడ కూర్చుని నేర్చుకుని ఆ నమూనాలు ఫైల్లో పెట్టమనండి. వందమంది పోర్ట్‌ఫోలియోల్లో అది ఒక్కటే వేరుగా కనబడుతుంది.

ఇక ఎనిమిది వారాల పని. మొదటి రెండు వారాలు ఆ సినిమానే సౌండ్ తీసేసి చూడాలి. పుస్తకంలో గీతలు గీసి సీను నంబరు, చోటు, కథలో ఎన్నో రోజు, ఎవరు, ఏం వేసుకున్నారు, నగలు, జడ, ఎందుకు అని రాయాలి. దీన్నే యూనిట్‌లో కాస్ట్యూమ్ చార్ట్ అంటారు, అసిస్టెంట్‌గా చేరిన రోజు నుంచి చేతిలో ఉండేది ఇదే. గాయం తగిలే సీను దగ్గర కాస్త ఆగమనండి. సినిమాలో విక్టోరియా భర్త ఆల్బర్ట్ చేతికి తూటా తగులుతుంది (1840 జూన్‌లో కాల్పులు జరిగిన మాట నిజం, అసలు ఎవరికీ ఏమీ కాలేదు). ఆ ఒక్క సీనుకు కోటు ఒకటి సరిపోదు. శుభ్రంగా ఉన్నది, చిల్లు పడ్డది, నెత్తురు మరకది కావాలి, టేకు మళ్లీ తీస్తే మళ్లీ కొత్తది. అన్నీ ఒకే తానులోంచి కత్తిరించకపోతే రంగు తేడా తెరమీద పట్టిస్తుంది. ఎన్ని కావాలో లెక్కవేసి రాయమనండి. లెక్క తప్పితే రేపు షూటింగ్ ఆగేది ఆమె వల్లే.

మిగిలిన ఆరు వారాలు కుట్టు. ఊళ్లో మంచి లేడీస్ టైలర్ దగ్గర రోజుకు రెండు గంటలు కూర్చోబెట్టండి. లైనింగ్ జాకెట్టు కొలతలు తీసి, కాగితం మీద డ్రాఫ్టు గీసి, కత్తిరించి కుట్టడం వచ్చాక, ఆ కాలపు గౌను సగం సైజులో కోరా గుడ్డతో చేయమనండి. పావడా చుట్టుకొలత మీటరున్నర, నడుము 13 అంగుళాలు. అంత గుడ్డను అంత చిన్న నడుములోకి ఇరికించడమే అసలు పరీక్ష. పరికిణీకి మిషన్ మీద కుచ్చులు పెట్టినట్టు పెడితే నడుము దగ్గర ఉండలా ఉబ్బుతుంది. పైఅంచు అంగుళం మడిచి, పావు అంగుళం ఎడంగా మూడు వరసలు చేతితో టాకాలు వేయాలి. మూడు వరసల్లోనూ టాకా సరిగ్గా ఒకదాని కింద ఒకటి పడాలి. మైనం రాసిన గట్టి దారాన్ని మూడూ కలిపి లాగితే మడతలు బొంగు చీలికల్లా నిలువుగా నిలబడతాయి. ఒక్కో మడత కొసను మాత్రమే నడుంపట్టీకి పట్టి కుట్టాలి. వరస జరిగిందంటే మడత వాలిపోతుంది, విప్పి మళ్లీ మొదటికి. ఇలా రెండుసార్లు విప్పాక కూడా మూడోసారి సూది పట్టుకుంటే, అమ్మా, ఆ పిల్లను ఆపకండి. ‘నేను గీస్తాను, ఎవరైనా కుడతారు’ అంటే అప్పుడు ఇలస్ట్రేషన్, గ్రాఫిక్ డిజైన్ వైపు మాట్లాడుకుందాం. అదీ తక్కువేమీ కాదు.

చదువు విషయానికొస్తే, ఇంటర్ కాగానే లండన్ నేను చెప్పను. అక్కడ కాస్ట్యూమ్ కోసమే ప్రత్యేకంగా డిగ్రీలు ఉన్నాయి, బాగుంటాయి, కానీ ఫీజే ఏడాదికి ఇరవై లక్షలకు తగ్గదు, ఖర్చులు వేరే. ఇక్కడ డిగ్రీ, రెండు మూడు సినిమాల అనుభవం అయ్యాక పీజీకి వెళ్తే స్కాలర్‌షిప్ అడగడానికి చేతిలో పని ఉంటుంది.

ఇక్కడైతే హైదరాబాద్ మాదాపూర్‌లోని నిఫ్ట్‌లో (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) నాలుగేళ్ల బీడిజైన్ డిగ్రీ, ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఫ్యాషన్ డిజైన్ అందరూ అడుగుతారు. నన్నడిగితే పాతకాలపు కథలతో తీసే పీరియడ్ సినిమాల మీద మనసున్న పిల్లకు టెక్స్‌టైల్ డిజైన్ కూడా అంతే పనికొస్తుంది. ప్రవేశంలో కొన్నేళ్లుగా క్రియేటివ్ ఎబిలిటీ టెస్టుకు 50 శాతం, జనరల్ ఎబిలిటీకి 30, సిచ్యుయేషన్ టెస్టుకు 20 వెయిటేజీ. సిచ్యుయేషన్ టెస్టు అంటే ఇచ్చిన సామాన్లతో అక్కడికక్కడ ఒక మోడల్ చేసి చూపించడం. బొమ్మలు మాత్రమే వేసే పిల్లలు తడబడేది అక్కడే, కోరా గుడ్డ పని కలిసొచ్చేదీ అక్కడే. నాలుగేళ్లకు ఫీజులు పది లక్షలు దాటుతాయి. రెండోది అమరావతి ప్రాంతంలోని ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) ఆంధ్రప్రదేశ్. అక్కడ టెక్స్‌టైల్ అండ్ అప్పారెల్ డిజైన్ ఉంది, ప్రవేశం డాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) అనే రెండంచెల పరీక్షతో. సీట్లు తక్కువ, పోటీ గట్టిది.

ఇండస్ట్రీ గురించి దాపరికం లేకుండా చెప్తాను. సర్టిఫికెట్ చూసి ఎవరూ డిజైనర్‌గా తీసుకోరు. రెండు మూడేళ్లు అసిస్టెంట్‌గా గుడ్డల షాపుల చుట్టూ తిరగడం, మగ్గం వర్క్ వాళ్ల దగ్గర కాపలా కూర్చోవడం, తెల్లవారుజామున సెట్‌లో బీరువాలు తెరవడం ఉంటుంది. కాస్ట్యూమ్స్ సినిమా రంగంలోని 24 క్రాఫ్ట్స్ (పని విభాగాలు)లో ఒకటి, యూనియన్ నియమాలు ఉంటాయి, మొదట్లోనే కనుక్కోవాలి. డబ్బు సినిమా లెక్కన మాట్లాడుకుంటారు, ఆలస్యం మామూలే. అయితే పనికి గుర్తింపు లేదనుకోకండి. మన దేశానికి తొలి ఆస్కార్ తెచ్చింది ‘గాంధీ’కి దుస్తులు చేసిన భాను అథైయానే. మన ‘మహానటి’ కాస్ట్యూమ్స్‌కు జాతీయ అవార్డు వచ్చింది. సినిమా కుదరని నెలల్లో చేనేత బ్రాండ్లు, నాటకాలు, వెబ్ సిరీస్‌లు, పెళ్లి దుస్తుల పని తిండికి లోటు రానివ్వవు.

ఈఏపీసెట్ కూడా రాయించండి, నష్టం లేదు. కానీ ఆ ఫలితాలు వచ్చాక డిజైన్ సంగతి చూద్దామనుకుంటే ఏడాది పోయినట్టే, చాలా ఇళ్లలో జరిగేది అదే. నిఫ్ట్, ఎన్‌ఐడీ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరు, డిసెంబరు మధ్యలోనే మొదలై, రాతపరీక్షలు డిసెంబరు, ఫిబ్రవరి మధ్య అయిపోతాయి. తేదీలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి. రెండూ కేంద్ర సంస్థలు కాబట్టి మీరు బీసీ అయితే మీసేవలో మామూలుగా ఇచ్చే కుల ధ్రువపత్రం చెల్లదు. కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, మీ కులం కేంద్ర జాబితాలో ఉండాలి. తహసీల్దార్ ఆఫీసులో దానికి పట్టే రోజులు కలుపుకుని సెప్టెంబరులోనే అప్లై చేయండి.