హార్డ్, హార్డ్లీ: 'లీ' తగిలిస్తే చాలా?

అడ్జెక్టివ్‌కి (వస్తువు ఎలాంటిదో చెప్పే మాటకి) 'లీ' చేరిస్తే అడ్వర్బ్ (పని ఎలా జరిగిందో చెప్పే మాట) అవుతుందని బడిలో చెప్పారు కదా, మరి "ఐ వర్క్ హార్డ్లీ" ఎందుకు తప్పు అని ఒకరు అడిగారు. ఆ సూత్రం స్లో, క్విక్ లాంటివాటికి సరిపోతుంది. హార్డ్ దగ్గర బోల్తా కొడుతుంది. హార్డ్ అన్న మాటే అడ్జెక్టివ్, అదే అడ్వర్బ్ కూడా. కష్టపడి పనిచేస్తాను అనడానికి "ఐ వర్క్ హార్డ్" అంటే చాలు. "ఐ హార్డ్లీ వర్క్" అంటే నేను పని చేసేది అంతంతమాత్రమే అని! మా ఆఫీసుకి వచ్చే ఉద్యోగ దరఖాస్తులు చూడటం నా పనిలో ఒక భాగం. తమ కష్టం గురించి చెప్పుకోవాల్సిన వాక్యంలోనే కొందరు ఈ 'లీ' తగిలిస్తుంటారు, పాపం.

పాత ఇంగ్లీషులో హార్డ్ చివర ఒక అచ్చు చేరిస్తే అడ్వర్బ్ అయ్యేది. కాలక్రమంలో ఆ అచ్చు పలకడం మానేశారు, రెండు రూపాలూ ఒకటైపోయాయి. ఫాస్ట్ కథా ఇదే, అందుకే ఫాస్ట్లీ అనే మాట వాడరు. ఇక హార్డ్లీకి ఒకప్పుడు 'కష్టంతో' అన్న అర్థం ఉండేది. మనం "కష్టమ్మీద పదిమంది వచ్చుంటారు" అంటాం చూడండి, సరిగ్గా అలాగే అది 'అంతంతమాత్రం' వైపు జారింది. లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈమధ్య. నియర్ అంటే దగ్గర, నియర్లీ అంటే దాదాపు. వీటిని విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

నన్నడిగితే మనవాళ్లకి అసలు చిక్కు 'గా' దగ్గరుంది. "సంతోషంగా ఉంది", "సంతోషంగా పాడింది" రెండింటికీ మనకి ఒకటే రూపం. ఇంగ్లీషులో మొదటిదానికి హ్యాపీ, రెండోదానికి హ్యాపిలీ. లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్ లాంటి క్రియలతో నేను చేసే పరీక్ష ఒకటుంది. క్రియ తీసేసి ఆ చోట 'ఈజ్' గానీ 'వాజ్' గానీ పెట్టి చూస్తాను. అర్థం నిలబడితే అడ్జెక్టివే. "షి లుక్డ్ యాంగ్రీ" అంటే కోపంగా కనిపించింది, 'వాజ్' సరిపోతుంది. "షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ హిమ్" అంటే అతనివైపు కోపంగా చూసింది, అక్కడ 'వాజ్' అతకదు. క్రియ అదే, పని వేరు.

'లీ' కనబడగానే అడ్వర్బ్ అనుకోకండి. ఫ్రెండ్లీ, లవ్లీ అడ్జెక్టివ్‌లు. మనం "ఫ్రెండ్లీగా మాట్లాడాడు" అని హాయిగా అనేస్తాం గానీ, ఇంగ్లీషులో "హి స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే" అని చుట్టు తిరగాలి.