వాలెస్ కంటే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

స్కాట్లాండ్ స్వాతంత్ర్య యుద్ధం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. స్టిర్లింగ్ వంతెన దగ్గరి పోరు కళ్ళకు కట్టావు. కానీ 1297లో స్కాట్ వీరుడు వాలెస్ కత్తి దూయడంతో మొదలుపెట్టి, ఇంగ్లాండ్ రాజు ఎడ్వర్డ్ దుర్మార్గుడు కనుక యుద్ధం వచ్చిందని తేల్చేశావు. అది తిట్టే గానీ కారణం అవదు.

1286 మార్చికి వెళ్ళు. గాలివాన రాత్రి, వద్దన్నా వినకుండా కొత్త భార్య దగ్గరికి బయల్దేరిన స్కాట్ రాజు మూడవ అలెగ్జాండర్ కింగ్‌హార్న్ దగ్గర గుర్రం మీంచి పడి చనిపోయాడు. అప్పటికే అతని బిడ్డలెవరూ బతికి లేరు. నార్వేలో మనవరాలు మార్గరెట్ ఉంది, పసిపిల్ల. ఆమెను ఇంగ్లాండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ కొడుక్కి ఇవ్వాలని 1290లో బర్గమ్ దగ్గర ఒప్పందం రాసుకున్నారు. పెళ్ళయినా స్కాట్లాండ్ చట్టాలూ హక్కులూ విడిగానే ఉంటాయని అందులో షరతు. అదే ఏడు ఆ పిల్ల ఆర్క్నీ దీవుల్లో చనిపోయింది.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసినది ఇక్కడే ఉంది. సింహాసనానికి డజనుకు పైగా హక్కుదారులు లేచారు. బేలియల్, బ్రూస్ వర్గాలు కొట్టుకు చస్తాయేమోనన్న టెన్షన్‌తో స్కాట్ పెద్దలే పొరుగు రాజు వైపు చూశారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది. 1291లో నార్హమ్ దగ్గర ఎడ్వర్డ్, ముందు నన్ను మీ పై ప్రభువుగా ఒప్పుకోండి అన్నాడు. ఈ పేచీ పాతదే. 1174లో పట్టుబడ్డ స్కాట్ రాజు మెడలు వంచి ఇంగ్లాండ్ ఆ అధికారం రాయించుకుంది. 1189లో క్రూసేడ్ అనే మతయుద్ధం ఖర్చుకని 10,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) పుచ్చుకుని వదిలేసింది. అమ్ముకున్నదాన్నే ఎడ్వర్డ్ మళ్ళీ అడిగాడు. రాజు కావాలన్న ఆశతో హక్కుదారులు తలూపారు. నేనైతే వ్యాసంలో సగం ఈ నార్హమ్ బేరం దగ్గరే కూర్చుంటాను.

1292 నవంబరులో బేలియల్‌కు తీర్పు వచ్చింది. ఇద్దరికీ మూలపురుషుడైన రాజవంశీకుడు డేవిడ్ పెద్ద కూతురి వంశం అతనిది, బ్రూస్‌ది రెండో కూతురి వంశం కాబట్టి తీర్పులో వంక లేదు. తంటా తర్వాత మొదలైంది. స్కాట్ కోర్టుల్లో ఓడినవాళ్ళ అప్పీళ్ళను ఎడ్వర్డ్ తానే వినసాగాడు. రాజుగా ఉన్న బేలియల్‌ను మామూలు ప్రతివాదిలా తన ముందుకు పిలిపించాడు. 1294లో ఫ్రాన్స్‌తో తన యుద్ధానికి స్కాట్లను సైన్యంతో రమ్మన్నాడు. వాళ్ళు 1295లో ఆ ఫ్రాన్స్‌తోనే పొత్తు కట్టారు. 1296 మార్చిలో ఎడ్వర్డ్ స్కాట్ల బెరిక్ పట్టణం మీద పడి ఊచకోత కోశాడు. వాలెస్ వచ్చేది ఆ తర్వాతి ఏడు.

ఇంకొకటి. బ్రూస్ ఇంటివాళ్ళను మొదటి నుంచీ దేశభక్తులుగా చూపించావు. 1296లో స్కాట్ సేన ఇంగ్లాండ్‌లోని కార్లైల్ మీదికి వెళ్ళినప్పుడు ఎడ్వర్డ్ తరఫున ఆ కోటను కాచింది తర్వాత రాజైన రాబర్ట్ బ్రూస్ తండ్రే. గద్దె మీద బేలియల్ ఉన్నంతకాలం వాళ్ళ లెక్క వేరు. దాన్ని దాచావంటే, 1306లో డంఫ్రీస్ చర్చిలో బేలియల్ మేనల్లుడు కోమిన్‌ను బ్రూస్ ఎందుకు పొడిచాడో చదివేవాడికి అంతుపట్టదు.

వంతెన పేరాలు కొట్టెయ్యకు, చివరికి జరుపు. తిరగరాశాక పంపు.