పరీక్ష అయ్యేదాకా చపాతీ మానకండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాకు 34 ఏళ్లు. రెండేళ్లుగా కడుపు ఉబ్బరం, నొప్పి, రోజుకు మూడు నాలుగుసార్లు విరేచనాలు. ఐబీఎస్ (పేగుల్లో జబ్బేమీ కనిపించకపోయినా కడుపు బాధలు వచ్చే సమస్య) అన్నారు, టెన్షన్ పెట్టుకోవద్దన్నారు. ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ 8 దాటడం లేదు. మా ఆయనకు షుగర్ వచ్చినప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, ఇంట్లో రాత్రిపూట అందరం చపాతీలే తింటున్నాం. గోధుమ పడటం లేదేమో, మానెయ్యమని మా ఆడపడుచు అంటోంది. మానెయ్యమంటారా?

జవాబు: ఇప్పుడే మానకండమ్మా. మీ ఆడపడుచుకు వచ్చిన అనుమానం సరైనదే కావచ్చు. కానీ ముందే మానేస్తే జబ్బున్నా పరీక్షలో దొరకదు.

గోధుమ, బార్లీల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు అది తిన్నప్పుడల్లా చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటికి పట్టదు, ఐరన్ మాత్ర కూడా అంతే. బయటికి మాత్రం అచ్చం ఐబీఎస్‌లాగే ఉంటుంది. అయితే ఐబీఎస్ వల్ల రక్తం తగ్గదు. మీరు రాసినవాటిలో నాకు అనుమానం తెప్పించింది ఆ 8 అంకే. దాన్ని టెన్షన్ ఖాతాలో వేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

అన్నం తినే మన వైపు ఈ జబ్బు అరుదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉత్తరాదిన నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి కనిపించింది. అందుకే ఇక్కడ చాలామందికి ఈ ఆలోచనే రాదు.

టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేయించుకోండి. దాంతోపాటే మొత్తం ఐజీఏ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) కూడా చూడమనండి. కొందరిలో ఐజీఏ పుట్టుకతోనే తక్కువ. అలాంటివాళ్లకు జబ్బున్నా మొదటి పరీక్ష నార్మల్ అనే వస్తుంది. పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు రోజుకు రెండు పూటలైనా గోధుమ తిని ఉండాలి. మీరు రాత్రి ఒక్కపూటే తింటున్నారు కాబట్టి పొద్దున గోధుమరవ్వ ఉప్మా చేసుకోండి. బాధ మరీ ఎక్కువైతే మీ డాక్టరుకు చెప్పండి.

పాజిటివ్ వస్తే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి చూస్తారు. అప్పటిదాకా కూడా గోధుమ ఆపొద్దు. నెగెటివ్ వస్తే రక్తం తగ్గడానికి వేరే కారణం వెతకాలి: నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం, కొంకిపురుగులు వంటివి. మలంలో రక్తం పడినా, నిద్రలో లేచి విరేచనానికి వెళ్లాల్సి వచ్చినా, బరువు తగ్గుతున్నా ఆరు వారాలు ఆగకుండా వెంటనే చూపించుకోండి.

జబ్బు అని తేలితే గోధుమ, బార్లీ జీవితాంతం మానాలి. అన్నం, సర్వపిండి, జొన్నరొట్టె తినొచ్చు. జొన్నలతో ఒక్క జాగ్రత్త: గిర్నీలో మీకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటే, ఆ పిండి మీ జొన్నపిండిలో కలుస్తుంది. డబ్బా ఇంగువలోనూ చాలావాటిలో గోధుమపిండి ఉంటుంది. మీ పిల్లలకూ, తోబుట్టువులకూ అదే రక్తపరీక్ష చేయించాలి. అయితే ఇవన్నీ రిపోర్టు వచ్చాక చూసుకుందాం. ఈ రాత్రికి చపాతీ తినండి.