ఒక్క పెన్సిల్ సెల్‌తో నడిచే జపాన్ గేమ్

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ. మా మేనమామ ఎప్పుడో జపాన్ నుంచి తెచ్చిన గేమ్ డబ్బా ఒకటి అటక మీద దొరికింది, మీద వండర్‌స్వాన్ అని ఉంది. సెల్ పెట్టే కాడ తెల్లగ పొడి పట్టింది, స్క్రీన్ మీద మరకలున్నయ్. మళ్ల నడుస్తదా?

జవాబు: తమ్మీ, దాన్ని మాత్రం పారెయ్యకు! బందాయ్ కంపెనీ 1999 మార్చిల 4,800 యెన్‌లకు రిలీజ్ చేసింది, జపాన్ల తప్ప బయట పెద్దగ అమ్మనే లేదు, అందుకే మన దిక్కు ఎవ్వరికీ తెల్వదు. దీని వెనక ఉన్నది గున్‌పేయ్ యొకోయ్, నింటెండో అనే గేమ్ కంపెనీల గేమ్‌బాయ్ అనే చేతిల పట్టుకోని ఆడే గేమ్ డబ్బా చేసినాయన, బయటికొచ్చి సొంతంగ కోటో అని కంపెనీ పెట్టుకున్నడు, కానీ 1997ల రోడ్డు ప్రమాదంల పోయిండు, ఇది మార్కెట్‌కొచ్చింది చూడనే లేదు. నాకైతే అది తలుచుకుంటే ఇప్పటికీ బాధైతది. పాత గేమ్‌బాయ్‌కి నాలుగు సెల్స్ కావాలె, దీనికి ఒక్కటే పెన్సిల్ సెల్ (AA సైజు), దాంతోనే దాదాపు 30 గంటలు నడుస్తది. అడ్డం పట్టుకోని ఆడొచ్చు, నిలువుగ పట్టుకోని కూడా ఆడొచ్చు, ఆ అదనపు బటన్లు అందుకే.

ఆ తెల్లపొడి కారిన సెల్‌ది. చెవుల పెట్టే దూదిపుల్లకు కొంచెం నిమ్మరసం అద్ది తుడువు, తర్వాత మంచిగ ఆరనియ్యి. మరకలు స్క్రీన్ మీది పోలరైజర్ ఫిల్మ్ (బొమ్మ కనబడేటట్టు చేసే పల్చటి పొర) పాడైతే వస్తయ్, ఫిల్మ్ మారిస్తే చాలాసార్లు సాఫ్ అయితది. లోపల లైట్ ఉండదు, పగటిపూట వాకిట్ల కూసోని చూడు.