తొండి లేని ప్రయోగం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఏడో తరగతికి శాస్త్రీయ పద్ధతి పాఠం మొదలుపెట్టబోతున్నావనీ, పుస్తకంలో ఉన్న మెట్లను బోర్డు మీద రాసి వల్లె వేయిస్తే చాలునా అనీ అడిగావు. చాలదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసింది అదే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. పరిశీలన, ప్రశ్న, పరికల్పన (ఏం జరుగుతుందోనన్న ముందస్తు ఊహ), ప్రయోగం, విశ్లేషణ, నిర్ధారణ అని పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. అదే పిల్లల ముందు రెండు పూలకుండీలు పెట్టి, ఈ ఎరువు పనిచేస్తుందో లేదో ఎలా తెలుసుకుంటారని అడిగితే, రెండింటికీ ఎరువు వేసి చూస్తామనేవారు. ఒక కుండీకి ఎరువు వేయకుండా ఉంచాలన్న ఆలోచన ఒక్కరికీ తట్టలేదు. ఆ కుండీ ఎందుకో తెలియకపోతే ఆరు మెట్లూ నోటికి వచ్చినా ప్రయోజనం లేదు.

ఆటలో తొండి అంటే ఏమిటో పిల్లలకు మనం నేర్పనక్కరలేదు. పరుగు పందెంలో ఒకడు నాలుగు అడుగులు ముందు నిలబడితే ఆరేళ్ల పిల్ల కూడా ఊరుకోదు, తొండి అని కేకేస్తుంది. నియంత్రిత ప్రయోగానికి, అంటే ఒక్క అంశాన్నే మార్చి మిగిలినవన్నీ సమానంగా ఉంచే ప్రయోగానికి, కావలసిన బుద్ధి అంతా ఆ కేకలోనే ఉంది. అందుకే మొదటి రోజు చరరాశి, నియంత్రణ అనే మాటలు ఎత్తకు. తొండి ఉన్న ప్రయోగాన్ని నువ్వే తయారుచేసి వాళ్ల ముందు పెట్టు. ఒక గ్లాసులో వేడినీళ్లు పోసి, పంచదార పొడి వేసి, చెంచాతో కలుపు. ఇంకో గ్లాసులో చన్నీళ్లు పోసి, పంచదార గడ్డ వేసి, కలపకుండా వదిలెయ్యి. వేడినీటిలో పంచదార త్వరగా కరుగుతుందని రుజువైపోయింది అని తీర్పు చెప్పు. తరగతి ఒప్పుకోదు. పొడి, గడ్డ ఒకటేనా అని ఒకరు, మీరు కలిపారుగా అని ఒకరు, నీళ్ల కొలత సమానమేనా అని ఇంకొకరు లేస్తారు. అన్నీ బోర్డు మీద రాయి.

ఆ తర్వాత అడగవలసిన ప్రశ్న ఒకటుంది, దాన్ని మాత్రం వదలకు. 'వేడినీటిలో పంచదార త్వరగా కరుగుతుందన్న మాట నిజమా, అబద్ధమా?' నిజమే. మరి ఈ ప్రయోగం ఆ నిజాన్ని చూపించిందా? లేదు. మాట నిజం కావడం వేరు, మన ప్రయోగం దాన్ని చూపించడం వేరు. ఈ తేడా అందుకున్న పిల్లవాడికి సగం పాఠం వచ్చేసినట్టే. పేర్లు అప్పుడు చెప్పు. మనం కావాలని మార్చేది స్వతంత్ర చరరాశి, దానివల్ల ఏమైనా మారిందా అని కొలిచేది ఆధారిత చరరాశి, మిగిలినవన్నీ కదలకుండా పట్టి ఉంచవలసినవి.

ఒకేసారి రెండు అంశాలు మారిపోవడం పెద్దవాళ్లకూ జరుగుతుందని చెప్పడానికి ఫ్రాన్సెస్కో రెడీ కథ బాగా పనికొస్తుంది. కుళ్లిన మాంసంలో పురుగులు వాటంతట అవే పుడతాయని నమ్మే కాలంలో, 1668లో, ఇటలీకి చెందిన ఈయన తన ప్రయోగాలను ప్రచురించాడు. మాంసం ఉన్న పాత్రలు కొన్ని తెరిచి ఉంచాడు, కొన్నింటిని గట్టిగా మూసేశాడు. మూసిన వాటిలో పురుగులు లేవు. కథను అక్కడ ఆపి, తొండి ఎక్కడుందో వెతకమను. కాసేపటికి ఎవరో ఒకరు 'గాలి' అంటారు. మూత పెట్టడంతో ఈగలూ ఆగిపోయాయి, గాలీ ఆగిపోయింది. పురుగులు రాకపోవడానికి కారణం ఏదని చెప్పగలం? రెడీ ఆ అనుమానానికీ జవాబు వెతికాడు. పాత్రల మూతికి పలుచని గుడ్డ కట్టాడు. గాలి లోపలికి వెళ్లింది, ఈగలు వెళ్లలేదు, మాంసంలో పురుగులు పుట్టలేదు. ఆ గుడ్డ ఎందుకు కట్టాడో పిల్లలు తమ మాటల్లో చెప్పేవరకూ ముందుకు కదలకు.

ఇక వాళ్లు స్వయంగా చేసేది. నన్నడిగితే మొదటిది లోలకమే కావాలి. దారం, గుండు, గడియారం చాలు. పది నిమిషాల్లో ఫలితం వస్తుంది, తప్పు జరిగితే అప్పటికప్పుడే మళ్లీ చేయవచ్చు. మొక్కల ప్రయోగంలో తప్పు తెలిసేసరికి రెండు వారాలు గడిచిపోతాయి. లోలకం ఊగే కాలాన్ని ఏది మారుస్తుందని అడుగు. ఎక్కువమంది గుండు బరువు అంటారు, కొందరు ఎంత దూరం లాగి వదిలామన్నదాన్ని బట్టి అంటారు, కొద్దిమంది దారం పొడవు అంటారు. ఒక్కో జట్టుకు ఒక్కోటి అప్పగించు. ఒకే ఒక్క ఊపును కొలవనివ్వకు. గడియారం నొక్కే వేలు సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యం చేయవచ్చు. 20 ఊపుల కాలం కొలిచి 20తో భాగిస్తే ఆ పొరపాటు బాగా తగ్గిపోతుంది. 25 సెంటీమీటర్ల లోలకం ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి సుమారు 1 సెకను, 1 మీటరు లోలకానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. పొడవు నాలుగింతలైనా కాలం రెండింతలే కావడం చూసి గ్రాఫు గీస్తున్న చేతులు ఆగిపోతాయి. ఆ క్షణంలో నువ్వు మాట్లాడకు, వాళ్లనే ఆలోచించనీ.

ఈ లోలకం దగ్గరే నేను చేసిన తప్పు ఒకటి ఇన్నేళ్లయినా నన్ను బాధపెడుతోంది. ఒక అమ్మాయి బరువైన గుండు నెమ్మదిగా ఊగుతోందని పట్టికలో రాసింది. 20 ఊపులకు దాదాపు ఒక సెకను తేడా. మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ అంతే. బరువుకూ కాలానికీ సంబంధం లేదమ్మా, సరిగా కొలిచి దిద్దుకో అన్నాను. ఆమె మళ్లీ కొలవకుండానే అంకెలు మార్చేసింది, నేను బాగుందన్నాను. సాయంత్రం అదే సామగ్రితో చేసి చూస్తే నాకూ ఆ తేడాయే వచ్చింది. రెండు గుండ్లకూ ఆమె 30 సెంటీమీటర్ల దారమే కట్టింది, నిజమే. కానీ బరువైన గుండు పెద్దది కూడా. లోలకం పొడవును గుండు మధ్య బిందువు వరకూ లెక్కించాలి. చిన్నదాని వ్యాసార్థం 1 సెంటీమీటరు, పెద్దదానిది 4. అంటే ఒక లోలకం పొడవు 31 సెంటీమీటర్లు, రెండోదానిది 34. ఆమె కొలతల్లో తప్పు లేదు. బరువుతోపాటు పొడవూ మారిపోయింది, దాన్ని పట్టుకోవలసిన నేను పుస్తకంలోని వాక్యాన్ని పట్టుకున్నాను. మర్నాడు తరగతి అందరి ముందూ ఆమె మొదట రాసినవే సరైన అంకెలని చెప్పాను. అప్పటికే ఆమె వాటిని చెరిపేసింది.

అప్పటి నుంచి నా తరగతిలో ప్రయోగాల పుస్తకంలో పెన్సిలు వాడనివ్వలేదు. నువ్వూ అలాగే చెయ్యి. ప్రయోగానికి ముందే పరికల్పనను పెన్నుతో, కారణంతో సహా రాయించు. 'ఏ ఫలితం వస్తే నీ ఊహ తప్పని ఒప్పుకుంటావు?' అన్నదానికీ అక్కడే ఒక వాక్యం రాయించు. ఫలితం వచ్చాక ఆ పేజీ ముట్టుకోకూడదు. ఊహ తప్పిందని ఒక్క మార్కు కూడా తగ్గించకు. ఊహకూ ఫలితానికీ పొత్తు కుదరనప్పుడు ఎందుకై ఉంటుందో వెతికిన పిల్లలకు ఎక్కువ మార్కులు వెయ్యి.

ప్రదర్శన రోజుకు ఎవరో ఒకరు వంటసోడా, వెనిగర్‌లతో అగ్నిపర్వతం తెస్తారు. కాదనకు. కానీ అది నమూనా, ప్రయోగం కాదు. అందులో ప్రశ్న లేదు. ప్రశ్న నువ్వు అందించు: సోడా పెంచుతూ పోతే వాయువు కూడా పెరుగుతూనే పోతుందా? ప్రతి సీసాలో 50 మిల్లీలీటర్ల వెనిగర్ పోయించు. సోడాను 1 గ్రాము నుంచి 6 గ్రాముల దాకా మార్చుతూ, సీసా మూతికి ఒకే రకం బెలూన్ తొడిగించి, దాని చుట్టుకొలత కొలిపించు. వెనిగర్‌లో ఆమ్లం 5 శాతం ఉంటే సుమారు మూడున్నర గ్రాముల దగ్గర ఆమ్లం అయిపోతుంది, ఆపైన బెలూన్ పెరగదు. పిల్లలు ముందుగా బెలూన్‌నే అనుమానిస్తారు. అనుమానించనీ, కొత్త బెలూన్ ఇచ్చి మళ్లీ చేయమను.

విత్తనాల ప్రయోగం తప్పక చేయిస్తావు కాబట్టి ఒక హెచ్చరిక. వెలుగులో ఒక గిన్నె, చీకట్లో ఒక గిన్నె పెడితే వెలుగు ఒక్కటే మారిందనుకుంటారు. ఎండలోని గిన్నె వేడెక్కుతుంది, త్వరగా ఆరిపోతుంది. రెండింటినీ ఒకే గదిలో ఉంచి, ఒకదాన్ని నల్లకాగితంతో కప్పించు. తడి రోజూ చూడమను. ఒక్కో గిన్నెలో పది విత్తనాలకు తగ్గకూడదు, ఎందుకంటే ఉన్న ఒక్క విత్తనమే పుచ్చిదైతే చెప్పేదేమీ మిగలదు. చీకట్లోని మొలక సన్నగా, పాలిపోయి, ఎక్కువ పొడవు పెరుగుతుంది. పొడవు ఒక్కటే కొలిచిన జట్టు మొక్కకు చీకటే మంచిదని రాస్తుంది. అప్పుడు రెండు మొలకలనూ పక్కపక్కన పెట్టి, 'ఆరోగ్యం' అన్న మాటను దేనితో కొలుస్తారని అడుగు. ఆ చర్చకు ఒక పీరియడు పూర్తిగా ఇవ్వు.

నక్షత్రాలనూ భూకంపాలనూ గిన్నెలో పెట్టి మార్చలేం. వాటిని చదివేవాళ్లు ఓపికగా గమనించి, పోల్చి, ముందుగా అంచనా చెప్పి సరిచూసుకుంటారు. శాస్త్రమంతా ఈ ఒక్క దారినే నడుస్తుందని పిల్లలు అనుకోకుండా ఈ మాట ఏడాది చివరిలోగా ఒకసారి చెబితే చాలు.

లోలకం పాఠం అయ్యాక రెండు మూడు ప్రయోగాల పుస్తకాలు నాకు పంపించు. శుభ్రంగా తిరగరాసినవి వద్దు. కొట్టివేతలు ఉన్నవే పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు